చించిల్లా బోనుకు జాలీ నేల వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం పెంపుడు జంతువుల పేజీలో చించిల్లాలనే ఎలుక జాతి బుల్లి జంతువుల గురించి వేసిన వ్యాసం చదివాను. వాటి బొచ్చు గురించి, గుండ్రటి చెవుల గురించి చాలా ముద్దుగా రాశారు, అంతవరకూ సంతోషమే. కానీ చివర్లో "రెండడుగుల బోను ఉంటే సరిపోతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసి పక్కన ఒక ఫొటో వేశారు. నిలువుగా పొడుగ్గా ఉన్న బోను, నేలా తీగల జాలీయే, అరలూ జాలీయే, మధ్యలో ప్లాస్టిక్ నిచ్చెన. ఆ ఫొటో చూసినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. సరిగ్గా అలాంటి బోనులోనే మా చించిల్లా కాలు పోయింది. అందుకే రాస్తున్నాను, ఉత్తరం కొంచెం పొడుగైనా దయచేసి వేయండి.

మా ఇంట్లో రెండు ఆడ చించిల్లాలు ఉన్నాయి, ఒకే ఈతలో పుట్టిన అక్కాచెల్లెళ్లు, చిట్టి, బుడ్డి. వాటిని తెచ్చుకున్న రోజే బోను కూడా కొన్నాం. అమ్మినాయన "ఇది చించిల్లాల కోసమే చేసింది" అంటే నమ్మేశాం. ఆరు నెలలు బాగానే గడిచాయి. ఒక రాత్రి రెండు గంటలప్పుడు కీచుమని అరుపు వినిపించి లైటు వేసి చూస్తే, బుడ్డి పై అర నుంచి తలకిందులుగా వేలాడుతోంది, వెనక కాలు జాలీ కన్నంలో ఇరుక్కుపోయి ఉంది. దూకబోయింది, ఒళ్లు ముందుకు పోయింది, కాలు వెనకే ఉండిపోయింది. నేను ఒక చేత్తో దాని ఒంటిని ఎత్తి పట్టుకుంటే మా ఆయన కటింగ్ ప్లేయర్‌తో తీగ కత్తిరించారు. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చేసింది, కాలు తీసేయక తప్పలేదు.

చించిల్లా వెనక కాళ్లు చూస్తే గట్టిగానే కనిపిస్తాయి, ఎందుకంటే తొడ బలంగా ఉంటుంది. కానీ మోకాలి కింద ఉన్న ఎముక పొడుగ్గా, సన్నగా ఉంటుంది, దాని చుట్టూ కండ కూడా పెద్దగా ఉండదు. ఈ జంతువులకు విరిగేది ఎక్కువగా ఆ ఎముకే. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో రాళ్ల మీద, బండల సందుల్లో దూకుతూ బతికే జంతువు ఇది, ఐదారడుగుల గెంతు కూడా దానికి ఒక లెక్క కాదు. రాతి మీద ఎంత దూకినా కాలు ఇరుక్కోదు. తీగ మీద ఇరుక్కుంటుంది. ఇరుక్కోకపోయినా ఆ తీగల మీదే రోజంతా కూర్చుని కూర్చుని పాదాల అడుగున పుండ్లు పడతాయి, అవి ఒక పట్టాన మానవు.

బుడ్డి మూడు కాళ్లతో ఇంటికి వచ్చాక ఆ పాత బోనులో మళ్లీ పెట్టడానికి నాకు చేతులు రాలేదు. కొత్తది మేమే చేసుకుందాం అనుకున్నాం. నేను వడ్రంగిని కాదు, కానీ కొలతలు తీసుకోవడం, రంపం పట్టుకోవడం వచ్చు, మిగతాది చేస్తూ నేర్చుకున్నాను. అన్నట్టు మనకు పక్షికైతే పంజరం అని, పులికైతే బోను అని మాటలున్నాయి, ఇలాంటి బుల్లి జంతువు పదేళ్లూ పదిహేనేళ్లూ, ఒక్కోసారి ఇరవయ్యేళ్లు కూడా బతకబోయే చోటుకు మాత్రం సరైన మాట లేదు. నాకైతే అది దాని ఇల్లే. ఇల్లు కట్టేటప్పుడు చూసినట్టే దీనికీ ముందు నేల చూడాలి.

మేము చేసింది నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, ఐదడుగుల ఎత్తు. లోతు రెండడుగులే ఎందుకంటే బయట నిలబడి చెయ్యి పెడితే వెనక మూల అందాలి, లేకపోతే ఆ మూల ఎప్పటికీ శుభ్రం కాదు. అందరూ ఎత్తు గురించే అడుగుతారు, నన్నడిగితే వెడల్పే ముఖ్యం. ఎత్తు పెంచే కొద్దీ పడిపోయే దూరం పెరుగుతుంది, ఆరోగ్యంగా ఉన్న చించిల్లా కూడా రాత్రి హడావుడిలో అప్పుడప్పుడు అడుగు తప్పుతుంది. అందుకని బోను మధ్యలో, రెండున్నర అడుగుల ఎత్తున, గోడ నుంచి గోడ దాకా ఒక అంతస్తు వేసి, దానికి ఒక మూల మాత్రమే ఎనిమిది అంగుళాల కన్నం ఉంచాం, ఆ కన్నానికి సరిగ్గా కింద ఒక అర పెట్టాం. ఇక ఎక్కడి నుంచి జారినా ఐదడుగులు పడే అవకాశం లేదు. మామూలుగా ఒక అరకీ ఇంకో అరకీ మధ్య ఎత్తు తేడా ఏడెనిమిది అంగుళాలు పెట్టొచ్చు, బుడ్డి కోసం మేము ఐదే పెట్టాం. అరలు ఒకదాని మీద ఒకటి నిలువుగా కాకుండా మెట్ల లాగా అటోటి ఇటోటి ఉండాలి. వెడల్పు ఎనిమిది అంగుళాలకు తగ్గకూడదు, రెండూ ఒకేసారి ఎదురుపడితే పక్కకు తప్పుకునే చోటు కావాలి కదా.

చెక్క విషయంలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. చించిల్లా పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, కాబట్టి కొరకడం దానికి అవసరం. మీరు లోపల ఏది పెట్టినా అది దాని నోట్లోకి పోతుంది. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు పనికిరావు, వాటిలో జిగురు ఉంటుంది. రంగు, వార్నిష్, చెదల మందు పూసిన చెక్క ఏదీ వద్దు. దేవదారు జాతి చెక్కల్లో ఘాటైన నూనెలు ఉంటాయి, అవి ఊపిరికి మంచివి కావు. బట్టీలో బాగా ఆరబెట్టిన, ఏమీ పూయని పైన్ చెక్క సరిపోతుంది. ప్లాస్టిక్ అయితే అసలు లోపలికి రానివ్వకండి, ఆ ముక్కలు కడుపులోకి పోయి పేగుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఫొటోలో ఉన్న నిచ్చెన గురించి కూడా ఇదే చెబుతున్నాను.

మరి ఫ్రేమ్ కూడా చెక్కే కదా, దాన్ని కొరికేయవా అని మా తమ్ముడు అడిగాడు. అందుకే జాలీని ఫ్రేమ్‌కు బయటివైపు కాకుండా లోపలివైపు బిగించాం. లోపల నుంచి చూస్తే వాటికి తీగే కనిపిస్తుంది, ఫ్రేమ్ ఆ వెనక ఉంటుంది, అంచులు పంటికి అందవు. జాలీ కన్నం అంగుళం పొడవు, అరంగుళం వెడల్పు. అంతకంటే పెద్దది వద్దు, ముఖ్యంగా కొన్నప్పుడే కడుపుతో ఉన్న ఆడదాన్ని తెలియక తెచ్చుకునేవాళ్లు ఉంటారు. చించిల్లా 111 రోజులు మోస్తుంది, పిల్లలు పుట్టడమే ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి, కొన్ని గంటల్లో పరుగులు పెడతాయి, వెడల్పు కూడా అంగుళం ఉన్న కన్నంలోంచి ఇట్టే బయటికి జారిపోతాయి. జింకు పూత ఉన్న జాలీని గీకి గీకి మింగితే విషమవుతుంది, ప్లాస్టిక్ పూత సంగతి చెప్పనే చెప్పాను. మేము వెల్డెడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ తీసుకున్నాం. ఖర్చు ఎక్కువే, మొత్తం బోనులో సగం ఖర్చు దానికే అయింది, ఐనా ఇక్కడ మాత్రం తగ్గించుకోకండి.

జాలీ కత్తిరించాక అంచుల్లో సూదుల్లాంటి ముక్కలు మిగులుతాయి, కంటికి కనిపించవు. నేను ఒక పాత ఉన్ని సాక్సు చేతికి తొడుక్కుని లోపలంతా, మూలమూలా, తలుపు అంచులతో సహా మెల్లగా నిమిరాను. ఎక్కడ ఉన్ని దారం చిక్కుకుంటే అక్కడ ఆగి ఆకురాయితో రుద్దాను. మొదటిసారి నిమిరినప్పుడు పదిహేడు చోట్ల చిక్కుకుంది. నేను బాగా చేశాననుకున్న పని అది! మూడోసారికి గానీ సాక్సు ఎక్కడా ఆగకుండా జారలేదు. ఒక సాయంత్రం మొత్తం దీనికే పట్టింది, కానీ ఇది వదిలేయకూడని పని.

నేలకు మందపాటి స్టీలు రేకుతో మూడంగుళాల అంచున్న ట్రే చేయించి, దానిలో ఆరబెట్టిన పైన్ చిత్రిక పొట్టు వేస్తున్నాం. చెక్క నేల వేస్తే మూత్రం ఇంకిపోయి కొన్నాళ్లకు వాసన పట్టుకుంటుంది. ఇవి రోజుకు వందల కొద్దీ చిన్న చిన్న పెంటికలు వేస్తాయి, కూర్చున్న చోటే, దూకుతున్నప్పుడే, కాబట్టి ట్రే ముందుకు లాగేలా ఉండాలి. అరలను మాత్రం చెక్కతోనే చేసి, రెండు వైపులా మర ఉన్న బోల్టులు బిగించాం. ఒక కొస చెక్కలోకి పోతుంది, రెండో కొస జాలీలోంచి బయటికి వస్తుంది, బయట పెద్ద వాషరు, చేత్తో తిప్పే రెక్కల నట్టు. స్క్రూ మొనలు లోపలివైపు ఒక్కటి కూడా రాలేదు. అర కొరికేసి సగమైతే రెండు నిమిషాల్లో తీసి ఇంకోటి పెట్టేస్తాం. ఇప్పటికి నాలుగు అరలు మార్చాం.

తలుపుది కూడా ఒక మాట. మొదట గీసిన బొమ్మలో తలుపు 12 అంగుళాలే ఉంది. తర్వాత అవి లోపల పరిగెత్తడానికి పెట్టే చక్రం కొలిస్తే 15 అంగుళాలు. చించిల్లాకు చిన్న చక్రం పెడితే వీపు వంగిపోతుంది, పైగా ఊచల చక్రంలో కాలు మళ్లీ జాలీలో ఇరుక్కున్నట్టే ఇరుక్కుంటుంది, నేల మూసి ఉన్న పెద్ద చక్రమే కావాలి. అందుకని రెండు తలుపులు, ఒక్కోటి రెండడుగులు, ఒక్కో తలుపుకు పైనొకటి కిందొకటి గడియ. ఒక్క గడియ అయితే కింది మూల నెట్టి సందు చేసుకుంటాయి. వారంలో రెండు మూడుసార్లు ఇసుక స్నానానికి, అంటే ఇసుకలో దొర్లి ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, గిన్నె పెట్టి పది పదిహేను నిమిషాలకు తీసేస్తాం కాబట్టి దానికి లోపల శాశ్వతంగా చోటు అక్కర్లేదు.

ఇక వేడి. ఇది మీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు. చించిల్లాకు ఒక్కో కుదురు నుంచి యాభైకి పైగా వెంట్రుకలు మొలుస్తాయి, దానికి మనలా చెమట పట్టదు. గదిలో వేడి 25 డిగ్రీలు దాటితే ప్రమాదం మొదలైనట్టే. ఫ్యాను గాలి వల్ల మనకు చల్లగా ఉండేది చెమట ఆరడం వల్ల, చెమటే లేని జంతువుకు ఫ్యాను పెట్టి ఏం లాభం? తడిగుడ్డలు కప్పకండి, బొచ్చులో తేమ చేరితే ఫంగస్ పడుతుంది. అద్దాల తొట్టెలో అసలు పెట్టకండి, గాలి ఆడదు. మేము బోను కింద చక్రాలు వేసి, ఎండ తగలని గోడ వైపు నెట్టుకునేలా చేశాం, కింద అరలో ఒక పాలరాతి పలక పెట్టాం, చిట్టి మధ్యాహ్నమంతా దాని మీదే పొట్ట ఆనించి పడుకుంటుంది. ఏసీ నడుస్తూనే ఉంటుంది.

1923లో మథియాస్ చాప్‌మన్ అనే అమెరికన్ మైనింగ్ ఇంజినీర్ చిలీ నుంచి 11 చించిల్లాలను కాలిఫోర్నియాకు తీసుకెళ్లాడు. ఈరోజు ఇళ్లలో పెరుగుతున్న చించిల్లాల్లో చాలా భాగం వాటి సంతానమేనంటారు. ఆయన వాటిని కొండల మీద నుంచి ఒక్కసారిగా కాకుండా నెలల తరబడి మెల్లమెల్లగా కిందికి దించి, దారిలో బోనులను ఐసుతో చల్లబరుస్తూ తీసుకెళ్లాడు. ఆయన పెంచింది బొచ్చు కోసం, ఆ విషయంలో నాకు ఆయన మీద ఏ గౌరవమూ లేదు, అయినా వేడి గురించి అప్పుడే అంత జాగ్రత్త పడ్డాడు. బొచ్చు కోసమే వేటాడి వేటాడి అడవిలో వీటిని అంతరించే దశకు తెచ్చారు. గదిని ఏడాది పొడుగునా చల్లగా ఉంచలేమని తెలిస్తే ఎంత మంచి బోను కట్టినా పనికిరాదు, దయచేసి ఈ జంతువును తెచ్చుకోకండి, ఇష్టం ఉన్నా సరే. ఈ మాట చెబితే కొందరికి కోపం వస్తుందని తెలుసు.

బుడ్డి ఇప్పుడు బాగుంది. దీపాలు పెట్టే వేళకు లేచి, పై అంతస్తు నుంచి ఒక్కో అరా దిగుతుంది. ప్రతి అర మీదా ఒక్క క్షణం ఆగి, ఉన్న ఒక్క వెనక కాలును సర్దుకుని, మళ్లీ దూకుతుంది. ఐదంగుళాల తేడా కంటే ఎక్కువ పెట్టి ఉంటే దిగలేకపోయేది.

వ్యాసం రాసినవారిని తప్పుపట్టాలని కాదు ఇది. అమ్మేచోట కనిపించే బోనులు అలాగే ఉంటాయి, వారూ అదే చూసి ఉంటారు. కానీ మీ పేపరు చూసి ఎవరో ఒకరు ఈ వారంలోనే అలాంటి బోను కొనొచ్చు. వచ్చే ఆదివారం అదే పేజీలో చించిల్లాకు జాలీ నేల, జాలీ అరలు, ప్లాస్టిక్ నిచ్చెన పెట్టకూడదని ఒక చిన్న సవరణ వేయండి. ఇప్పటికే అలాంటి బోను ఇంట్లో ఉన్నవాళ్లు కొత్తది చేసుకునే దాకా ఆగనక్కర్లేదు, జాలీ మీద ఈ రాత్రికే చెక్క పలకలు పరిచేయమనండి. మా బోను బొమ్మ కొలతలతో సహా గీసి ఈ ఉత్తరంతో జతచేశాను. చోటుంటే అది కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు