టైల్స్ కంటే ముందు బాత్రూమ్ కరెంటు సంగతి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ ఇంటి పేజీలో పాత బాత్రూమ్‌ని కొత్తగా చేయించుకోవడం మీద రాశారు, బాగానే ఉంది, టైల్స్, కమోడ్, గ్లాస్ పార్టిషన్ అన్నీ వచ్చాయి, కరెంటు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. మా అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే వరస. పాత ఫ్లాట్లు కదా, ఒక్కొక్కరూ బాత్రూమ్ పగలగొట్టిస్తున్నారు, టైల్స్ షాపుల చుట్టూ తెగ తిరుగుతారు గానీ ఎలక్ట్రీషియన్‌ని పిలిచేది టైల్స్ అతికించేశాకే. అప్పుడతను మాత్రం ఏం చేస్తాడు, లైటుకీ ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కీ వేసిన పాత వైర్‌కే గీజర్ తగిలించేసి పోతాడు.

ఇన్‌స్టంట్ గీజర్ 3 కిలోవాట్లంటే 13 ఆంప్స్ లాగుతుంది. దానికి డీబీ (ఇంటి మొత్తం కరెంటు పంచే స్విచ్‌ల పెట్టె) నుంచి విడిగా లైన్ రావాలి, 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైర్, దాని సొంత 20 ఆంప్స్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనే ఆఫ్ అయ్యే స్విచ్), పైన 16 ఆంప్స్ సాకెట్, బాత్రూమ్ బయట గోడకి ఇండికేటర్ లైటున్న డీపీ స్విచ్ (ఫేజ్, న్యూట్రల్ రెండు వైర్లనీ ఒకేసారి ఆపేది). గోడలు కొట్టి ఉన్నప్పుడే వైర్ల పైపు వేయిస్తే అయిపోయే పని ఇది. రెండు బాత్రూముల్లోనూ గీజర్లు పెట్టేవాళ్లు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మన ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) ఎంతుందో కూడా చూసుకోవాలి.

అసలు నేను రాస్తున్నది ఆర్‌సీసీబీ గురించి, అంటే కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్. ఎంసీబీ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు, కానీ అది వైర్ కాలిపోకుండా చూస్తుందంతే, షాక్ కొట్టినప్పుడు మన ఒంట్లోంచి పోయే కరెంటు దానికి లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ అయితే ఫేజ్‌లో (కరెంటు వచ్చే వైర్) వెళ్లినంత కరెంటు న్యూట్రల్‌లో (తిరిగి వెళ్లే వైర్) తిరిగొస్తోందా లేదా అని చూస్తుంది, 30 మిల్లీ ఆంప్స్ తేడా వచ్చిందంటే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా లైన్ కట్ చేస్తుంది. కేంద్ర విద్యుత్ అథారిటీ రూల్స్‌లో ఇళ్లకి పెట్టిన లెక్క కూడా ఈ 30 మిల్లీ ఆంప్సే. మనకి బోరు నీళ్లు, గీజర్ ఎలిమెంట్‌కి (నీళ్లు వేడిచేసే రాడ్) తెల్లగా ఉప్పు పేరుకుని కొన్నాళ్లకి పగులుతుంది, కరెంటు నేరుగా నీళ్లలోకి వస్తుంది, అప్పుడు కాపాడేది ఇదీ, సరైన ఎర్తింగూ.

మరి ఉన్న ఇళ్లలో ఏం జరుగుతోందో చూడండి. ఇన్వర్టర్ పెట్టించినప్పుడు దాని న్యూట్రల్‌నీ మామూలు లైన్ న్యూట్రల్‌నీ కలిపేస్తారు, దాంతో ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవుతుంది, అంటే తనంతట తనే ఆఫ్ అయిపోతుంది. న్యూట్రల్స్ విడదీయడం ఓపికతో చేయాల్సిన పని కాబట్టి "ఇది పాడైంది సార్, డైరెక్ట్ చేసేద్దాం" అని దాన్ని బైపాస్ చేసి, అంటే అది లేకుండానే లైన్ కలిపేసి పోతారు. ఇంటాయనకి ట్రిప్ అవడం ఆగింది, హ్యాపీ! ఇంకొందరు ఎర్త్ వైర్ లేని చోట సాకెట్ లోపలే న్యూట్రల్‌నీ ఎర్త్ పిన్‌నీ చిన్న వైర్ ముక్కతో కలిపేస్తారు. ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే గీజర్ బాడీ అంతా కరెంటే. ఈ రెండు పనులూ చేసేవాళ్ల మీద నాకు కోపమే, కానీ అడగని ఓనర్ల మీద ఇంకా ఎక్కువ.

యూట్యూబ్‌లో ఫారిన్ వీడియోలు చూసి వాష్ బేసిన్ పక్కనే హెయిర్ డ్రయర్ ప్లగ్ అడుగుతున్నారు కొత్తగా. వాళ్ల బాత్రూములు పెద్దవి, తడి చోటు వేరు పొడి చోటు వేరు, మన 5 అడుగుల 7 అడుగుల గదిలో మగ్గుతో పోసుకుంటే నీళ్లు పడని గోడే ఉండదు. ఆ ప్లగ్ బెడ్‌రూమ్‌లో అద్దం దగ్గర పెట్టుకోవచ్చు.

మీరు ఈసారి టైల్స్ డిజైన్ల పక్కన బాత్రూమ్ వైరింగ్ బొమ్మ కూడా ఒకటి వేయండి, డీబీ నుంచి గీజర్ దాకా, ఆర్‌సీసీబీ మీదుండే టెస్ట్ బటన్ ఎక్కడుంటుందో చూపిస్తూ. ఆ బటన్ నొక్కితే ట్రిప్ అవ్వాలని చాలామందికి తెలియదు.

ఇట్లు,
మీ పాఠకుడు, కాకినాడ