ఎర్రగరుసు దారికి ఏ టైరు, మచ్చా?

తిరుపతి,
ఆదివారం రాత్రి.

మచ్చా,

నీ మెసేజ్ చూసి ఫోన్లోనే రెండు ముక్కలు కొట్టి పంపుదామనుకున్నా. "వచ్చే వారం బైకుకు నాబీ టైర్లు, అదే మట్టిదారికి వేసే గుబ్బల టైర్లు, అల్లాయ్ వీల్స్ రెండూ వేయించేస్తున్నా" అన్న చోట ఆగిపోయా. తొందరపడొద్దురా. ఈ ఉత్తరం చదివాక డబ్బు కట్టు. పోయిన వానాకాలం నేను పడిన బాధ నువ్వు పడకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు నీ వారం లెక్క చూడు. ఆరు రోజులు చిత్తూరు నుంచి పూతలపట్టుకు పోయి వస్తావు. అంతా తారురోడ్డే. ఆదివారం ఐరాల దగ్గర మీ మామిడితోటకు పోతావు. అందులో మట్టిదారి పోనూ రానూ కలిపి ఎనిమిది కిలోమీటర్లు ఉంటుందేమో. అంటే నూటికి తొంభై అయిదు వంతులు నీ బండి తారు మీదే తిరుగుతుంది. నాదీ అదే కథ. రోజూ రేణిగుంట, ఆదివారం నారాయణవనం అవతల మా చేను. అయినా నేను ఈ లెక్క వేసుకోకుండా లడఖ్ వీడియోలు చూసి, ముందూ వెనకా పెద్ద పెద్ద గుబ్బలున్న నాబీ టైర్లు వేయించుకున్నా.

చేను దారిలో అవి బంగారం, కాదనను. వంక దాటేటప్పుడు ఇసుకలో కూడా బండి తిన్నగా పోయేది. కానీ కార్తీకంలో ముసురు పట్టిన రోజు, రేణిగుంట రోడ్డులో ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. నేను ముందు బ్రేకు పట్టేసరికి చక్రం సరిగ్గా జీబ్రా క్రాసింగ్ తెల్లగీత మీద ఉంది. హ్యాండిల్ చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టు పక్కకు పోయింది. మోకాలి చిప్ప మీద తోలు లేచిపోయింది. వెనకాల బస్సు కాస్త దూరంలో ఉంది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు మచ్చా.

తర్వాత కూర్చుని చూస్తే కారణం టైరు మీదే కనబడింది. గుబ్బకూ గుబ్బకూ మధ్య నా బొటనవేలు పట్టేంత సందు. ఆ సందు బురదను పట్టి విదిలించడానికి ఉన్నది. తారు మీద మాత్రం నేలను తాకే రబ్బరు తగ్గిపోతుంది, బ్రేకు పట్టినప్పుడు ఒక్కో గుబ్బా అటూ ఇటూ వంగుతుంది. తడి పెయింటు అసలే నున్నన. దానికి తోడు వెనక టైరు నడుమ గుబ్బలు అయిదు వేల కిలోమీటర్లకే అరిగి చదునైపోయాయి. రొద సరేసరి.

ఇప్పుడు మన నేల సంగతి. చాలామంది ఆలోచించనిది ఇదే. మన వైపు ఎక్కువగా ఉన్నది ఎర్రమట్టి, గరుసు, గులకరాళ్లు. నల్లరేగడి కాదు. రేగడి అయితే నాలుగు చుట్లకే టైరు నిండా ముద్దగా అంటుకుంటుంది, అక్కడ నాబీ లేకుండా కుదరదు. గరుసు వాన పడినా నీళ్లు దిగిపోయి త్వరగా గట్టిపడుతుంది. ఇక్కడ కావలసింది రాయిని ఓర్చుకునే టైరు, ఒక మాదిరి గాడులున్న టైరు. షాపుల్లో 70/30 అంటారే, రోడ్డుకు డెబ్భై, మట్టికి ముప్ఫై, అది చాలు. నేను వేయించి ఆరు నెలలైంది. చెరువు లోపల ఒండ్రులో తప్ప ఎక్కడా ఇరుక్కోలేదు. అయినా చెరువులో బండి తోలాల్సిన పని మనకేముంది?

ముందు నాబీ, వెనక మామూలుది వేయమని నీకూ ఎవరో చెప్పే ఉంటారు. మట్టిలోనే తిరిగేవాళ్లకు అది మంచి మాటే, చక్రం చెప్పిన చోటికి పోతుంది. రోజూ ఆఫీసుకు పోయేవాడికి నేనొప్పుకోను. బ్రేకు పట్టినప్పుడు బరువు ఎక్కువగా ముందు టైరు మీదే పడుతుంది, వానలో నిన్ను నిలబెట్టేదీ అదే.

ఇక అల్లాయ్ వీల్స్, అదే పుల్లలు లేకుండా ఒకే ముక్కగా పోత పోసిన చక్రాలు. వద్దు. నీ ఎక్స్‌పల్స్ బైకుకు ముందు 90/90-21, వెనక 120/80-18. 90 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, దాంట్లో 90 శాతం ఎత్తు, 21 అంగుళాల రిమ్ము. ఈ పెద్ద చక్రం వల్లే బండి రాళ్లగుంతలో పడకుండా మీదుగా దొర్లిపోతుంది. నువ్వు పంపిన ఫొటోలో అల్లాయ్ 17 అంగుళాలది, టైరు 110/70. లెక్క కట్టి చూశా. మొత్తం చక్రం 695 మిల్లీమీటర్ల నుంచి 586కు పడిపోతుంది. బండి ముందు భాగం అయిదు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. మీటరు ముందు చక్రం నుంచి లెక్క తీసుకుంటుంటే, 60లో పోతున్నా 70 దాటి చూపిస్తుంది. బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా చక్రం తిరిగే వేగం చూసే పనిచేస్తుంది, దాన్ని కదిలించడం నాకు ఇష్టం లేదు. పైగా అల్లాయ్‌కు రాయి గట్టిగా తగిలితే పగులుతుంది. పుల్లల చక్రం వంగుతుంది, బెండు తీయిస్తే మళ్లీ దారికొస్తుంది. నెలకోసారి స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పుల్లనూ తట్టి చూడు. బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. వదులైనవి నువ్వే తిప్పొద్దు, బెండు తీసేవాడి దగ్గరకు తీసుకుపో.

అల్లాయ్ అయితే ట్యూబ్‌లెస్, పంచర్ సులువు అన్నావు. నిజమే. మన దారుల్లో సర్కారు తుమ్మముళ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. కానీ ట్యూబు మార్చడం నేర్చుకుంటే ఆ టెన్షన్ పోతుంది. నేను మొదటిసారి చేను గట్టు మీద మార్చినప్పుడు కొత్త ట్యూబును, టైరు ఎక్కించే ఇనుప లివర్‌తోనే నొక్కి చింపేశా. మూడు కిలోమీటర్లు బండి తోసుకుంటూ రోడ్డెక్కా. తప్పు ఎక్కడో తర్వాత మా వీధి పంచర్ షాపాయన చూపించాడు. లివర్ వేసే చోటుకు సరిగ్గా ఎదురుగా మోకాళ్లు ఆనించి టైరు అంచును రిమ్ము నడిమి లోతులోకి దించాలి. అది దిగితే ఇటువైపు అరచేతులతోనే సగం ఎక్కుతుంది, బలం పెట్టాల్సిన పని లేదు. ట్యూబుకు ముందే కొద్దిగా గాలి కొట్టి గుండ్రంగా చేసి పెట్టు, అప్పుడు మడతపడదు. వాల్వ్‌కు ఎదురుగా మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించు. అన్నిటికన్నా ముందు టైరు లోపల గుడ్డతో మెల్లగా తడిమి ముల్లు తీసేయి. తీయకపోతే కొత్త ట్యూబూ పోతుంది. వెనక చక్రం మార్చాక చెయిన్ వదులు మళ్లీ చూడాలి.

గాలి సంగతి. తారు మీద బండి స్టిక్కర్ మీద ఉన్నంత. రాళ్లు లేని ఇసుకదారి వస్తే 20 పీఎస్‌ఐ దగ్గరకు దించుతా, అంతకన్నా కిందికి పోను. ట్యూబు టైరులో గాలి మరీ తక్కువుంటే, రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పాము కాటులా రెండు గాట్లు పడతాయి. మళ్లీ రోడ్డెక్కే ముందు పంపుతో కొట్టుకో. ప్రెషర్ పొద్దున్నే, బండి తీయకముందే చూడు. మన ఎండలకు మధ్యాహ్నం అంకె పెరిగే ఉంటుంది, అది చూసి గాలి వదలొద్దు.

కొనేటప్పుడు టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల వెంట చివర నాలుగంకెలు చూడు. 2224 అని ఉంటే 2024లో 22వ వారం తయారైందని. ఏళ్లుగా షాపులో ఎండిన సరుకు తీసుకోవద్దు. కొలత పక్కన 62ఎస్ లాంటిది ఉంటుంది. 62 అంటే ఆ టైరు 265 కిలోలు మోస్తుంది, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉండాలి, బిగించేటప్పుడు దగ్గరే నిలబడు. వేయించాక మొదటి నూటయాభై కిలోమీటర్లు నిదానంగా పో. కొత్త రబ్బరు పైపొర జారుతుంది.

అన్నట్టు, మన సత్యవేడు దగ్గర చిన్నపాండూరులో అపోలో వాళ్ల టైర్ల ఫ్యాక్టరీ ఉంది కదా. ఆ వైపు పోయినప్పుడల్లా ఒకసారి లోపల చూడాలనిపిస్తుంది.

వచ్చే ఆదివారం మీ తోట పని మానుకుని ఇటు రా. నా బండి మీద చేను దాకా నువ్వే తోలు, నీది నేను తోలుతా. వంక దగ్గర ఇసుకలో రెండూ దింపి చూద్దాం. తర్వాత కూడా నాబీయే కావాలనిపిస్తే నేనే షాపుకు తోడొస్తా. అత్తకు నమస్కారాలు చెప్పు, పోయినసారి పంపిన ఆవకాయ అయిపోయిందని కూడా చెప్పు.

నీ మచ్చా