పేరు రాయొద్దన్న ఆ అన్నకు, మా ఇంటి కందిరీగల విషయంలో కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా ఫాల్స్ సీలింగ్ పైన గూడు పెట్టిన కందిరీగలు అమ్మను కుట్టాయి. ఇప్పుడు అమ్మ బాగానే ఉంది, ముందు ఆ మాట. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష మళ్ళీ చేయించాం, నార్మల్‌గానే వచ్చింది. కుడి చెయ్యి, మెడ ఇంకా వాచి ఉన్నాయి, దురద తగ్గలేదు, అన్నం మాత్రం తింటోంది. ఇంట్లో కందిరీగలు లేవు. సరిగా నిద్ర లేకుండా రాస్తున్నాను, అక్కడక్కడా గజిబిజిగా ఉంటే సర్దుకుని చదవండి.

నాన్న, అక్క, బావ, పిల్లలు ఉన్నారు. వాళ్ళకు థాంక్స్ చెబితే నవ్వుతారు కాబట్టి చెప్పట్లేదు.

ఈ పోస్టు ఒక్క మనిషి కోసం. ఆ గూడు తీసిపెట్టిన, పక్క మండలంలో తాటిచెట్లు గీసుకునే అన్న. పేరు రాయొద్దన్నాడు, నంబరు అసలే పెట్టొద్దన్నాడు. "పెడితే నా చెట్లు ఎవరెక్కుతరు" అన్నాడు. సరే, పెట్టట్లేదు. దయచేసి ఇన్‌బాక్స్‌లో కూడా అడక్కండి.

ఆయన వచ్చేసరికి మేస్త్రీ సిమెంటు కలుపుతున్నాడు. ఏసీ పైపు కోసం కొట్టి వాడకుండా వదిలేసిన రంధ్రం బయటి గోడకు ఉంది, కందిరీగలు అందులోంచే ఫాల్స్ సీలింగ్ పైకి వెళ్తున్నాయి. ఆ రంధ్రం మూసేస్తే పీడ పోతుందని అందరి లెక్క. ఆయన బండి స్టాండు కూడా వెయ్యకుండానే అరిచాడు: "గా పొక్క ముయ్యకుండ్రి! లోపటివి ముయ్యుండ్రి ముందుగాల." ఇది చదువుతున్నవాళ్ళు ఇంకేది మర్చిపోయినా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బయటి దారి మూస్తే లోపలున్నవి చావవు. వెలుతురు కనిపించిన వైపు దారి వెతుక్కుంటాయి. సీలింగ్ పైన చీకట్లో వాటికి కనిపించే వెలుతురు మన గదిలో లైట్ల చుట్టూ ఉన్న సందులే. సిమెంటు పెట్టిన రాత్రే మంచం మీదికి దిగుతాయి.

కింద పడి ఉన్న చచ్చినదాన్ని పుల్లతో తిప్పి చూశాడు. ఒళ్ళంతా నలుపు, పొట్ట మీద ఒకే ఒక వెడల్పాటి పసుపు పట్టీ. పురుగుల శాస్త్రంలో దీన్ని వెస్పా ట్రోపికా అంటారు, మన దగ్గర మామూలే. తర్వాత సన్‌షేడ్ కింద ఉన్న చిన్న కందిరీగల తుట్టె చూపించాడు. గదులన్నీ ఖాళీ, పిల్ల పురుగు ఒక్కటీ లేదు. ఈ పెద్దవి చిన్న కందిరీగల తుట్టెల మీద పడి పిల్లల్ని ఎత్తుకుపోయి తమ పిల్లలకు పెడతాయట. ఇంటి చుట్టూ చిన్న తుట్టెలు ఉన్నట్టుండి ఖాళీ అయితే పెద్దవి దగ్గర్లో ఉన్నాయేమో చూసుకోవాలి.

ఎవరో వేపాకు పొగ పెడదామన్నారు. వద్దన్నాడు. తేనెటీగలకు పొగ తగిలితే తేనె తాగి బరువెక్కి నెమ్మదిస్తాయి, వీటికి తాగడానికి తేనె ఎక్కడిది? పొగ పెడితే గదిలోకి వస్తాయి, అంతే. కిరసనాయిలు కాగడా మాట కూడా వచ్చింది. చెట్టు మీదైతే వేరే సంగతి గానీ, వైర్లు పరుచుకున్న సీలింగ్ పక్కన మంట పెడితే కందిరీగల సంగతేమో గానీ ఇల్లు పోతుంది. స్ప్రే డబ్బాలకూ అదే ప్రమాదం, వాటిలో గ్యాసు మండుతుంది.

బెడ్‌రూమ్ సీలింగ్ మీద అరచేతంత మచ్చ ఉంది, తడి తగిలినట్టు గోధుమరంగులో. మేమంతా పైన పైపు కారుతోందనుకున్నాం. బావ చీపురు కర్రతో పొడవబోతే ఆ అన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. గూడు పెరిగేకొద్దీ చోటు చాలక అవి జిప్సం బోర్డును తడిపి కొరికి తోడేస్తాయి. చివరికి మిగిలేది కాగితం, పెయింటు పొర. వేలు పెట్టినా చిరిగిపోతుంది. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కింద నిలబడి వింటే చిటపటమని సన్నటి శబ్దం వినిపిస్తుంది. అలాంటి మచ్చ కనిపిస్తే తట్టొద్దు, ఆ గది ఖాళీ చేసి తలుపు వేసి, తలుపు కింద సందులో తడి తువ్వాలు కుక్కండి.

ఆయన చేయించిన పని వరస ఇది. పగలు ఇరవై అడుగుల దూరంలో, రంధ్రానికి ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని రాకపోకలు చూశాడు, ఇంకో దారి ఉందేమోనని. ఎగిరే దారికి అడ్డంగా నిలబడితే కాపలావి మీదికొస్తాయి. తర్వాత మెయిన్ ఆపించి, లైట్ల అంచులకు, ఫ్యాను కప్పుకు, గోడకూ సీలింగుకూ మధ్య పగుళ్ళకు వెడల్పాటి బ్రౌన్ టేపు. ఆ మచ్చ జోలికి మాత్రం పోలేదు, దాని మీద బరువు పడకూడదు. గదిలోకి అప్పటికే వచ్చినవాటిని కొట్టనివ్వలేదు. ఒకటి నలిగితే వచ్చే వాసనకు గూట్లోవి రెచ్చిపోతాయి. గది చీకటి చేసి ఒక్క కిటికీ తెరిస్తే చాలావరకు వాటంతట అవే వెలుతురుకు పోయాయి. మిగిలినవాటి మీద లీటరు నీళ్ళలో రెండు చెంచాల గిన్నెల సబ్బు కలిపి కొట్టాడు. సబ్బు నీళ్ళు ఒంటి పక్క ఊపిరి రంధ్రాల్లోకి దిగితే ఎగరలేక కింద పడతాయి.

అసలు మందు చీకటి పడ్డాక, బయట తిరిగేవన్నీ గూటికి చేరాక. పొడి మందే వాడాలన్నాడు. నీళ్ళ మందు బోర్డు పీల్చుకుంటుంది, వైర్ల మీద పడుతుంది, వంపు తిరిగిన దారిలో గూటిదాకా చేరదు. పొడి కాళ్ళకు అంటుకుని లోపలికి పోతుంది. అది కూడా ఇళ్ళలో వాడే పైరెత్రాయిడ్ అనే పురుగుమందు రకం. "చేన్లకు కొట్టేది ఇంట్ల కొట్టొద్దు" అని షాపతను ఇచ్చిన మొదటి ప్యాకెట్ వెనక్కి పంపాడు. పొడిని ఒక మెత్తటి ప్లాస్టిక్ సీసాలో మూడో వంతే నింపి మూతకు సన్నటి పైపు బిగించాడు. నిండుగా నింపితే నొక్కినప్పుడు ముద్దలుగా రాలుతుంది, గాలి ఉంటేనే పొగలా లేస్తుంది.

ఒంటి మీద లావుపాటి చొక్కా, పైన వదులు రెయిన్‌కోట్, గమ్ బూట్లు, చేతికీ కాలికీ టేపు. అంచు ఉన్న టోపీ మీద దోమతెర, అంచు లేకపోతే తెర ముఖానికి అతుక్కుంటుంది, అతుక్కున్నచోట ముల్లు దిగుతుంది. టార్చికి ఎర్ర పారదర్శక కాగితం చుట్టాడు, ఎరుపు వాటికి దాదాపు కనపడదు. టార్చి చేతిలో పట్టుకోలేదు, పక్కన గోడ మీద పెట్టాడు. వీధిలో అందరి ఇళ్ళ లైట్లూ ఆపించాడు, రెచ్చిపోయినవి రాత్రిపూట వెలుతురు మీదికే వస్తాయి కాబట్టి. నిచ్చెన రంధ్రం కింద కాకుండా పక్కకు. నాలుగైదు నొక్కులు, అంతే, చీకట్లోకి నెమ్మదిగా దిగి వచ్చేశాడు. రంధ్రం తెరిచే ఉంచాడు.

దిగి వచ్చాక టీ ఇస్తే గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు. కుడి చెయ్యి చూస్తే మణికట్టు దగ్గర టేపు ఊడిపోయింది, వేళ్ళు ముడవలేనంత వాపు. ఎప్పుడు కుట్టిందో చెప్పలేదు. చెబితే నిచ్చెన పట్టుకున్న పిల్లోడు భయపడి వదిలేస్తాడని చెప్పలేదట! మేం మంచు గడ్డ కోసం పరిగెడుతుంటే ఆయన అమ్మ దగ్గర కూర్చుని, "పెద్దమ్మా, ఏమనుకోకు, ఒంటికి పోతే ఏం రంగున వస్తుంది?" అని అడిగాడు. రెండు ఆసుపత్రుల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. చాలా చోట్ల కుట్టినప్పుడు విషానికి కండరాలు, ఎర్ర రక్తకణాలు చితికి ఆ చెత్త మూత్రపిండాల్లో అడ్డుపడుతుంది. ఆ రోజే కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు. మూత్రం డికాషన్ రంగులోకి మారినా, తగ్గిపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. వాళ్ళ ఊళ్ళో చెట్టు మీద కుట్టించుకున్న ఒకాయన అలాగే పోయాడని చెప్పి, రాత్రి పన్నెండు దాటేదాకా మా మెట్ల మీదే కూర్చున్నాడు. మొదట తగ్గిన వాపు కొన్ని గంటలకు మళ్ళీ రావచ్చట. డబ్బులిస్తే పొడి మందు ఖరీదు మాత్రం తీసుకున్నాడు. పోయే ముందు ఆ చీకట్లో వాకిట్లో రాలినవాటిని పట్టకారుతో ఏరి డబ్బాలో వేశాడు, తెల్లారి పిల్లలు గునుగు పువ్వుకు చెప్పుల్లేకుండా పోతారని, చచ్చినదాని ముల్లు కూడా కొంతసేపు కుడుతుందని. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను, ఇంకేం చెప్పను.

గూడు తీయడానికి మళ్ళీ వచ్చాడు. వెంటనే తీయకూడదు, మూత వేసిన గదుల్లో ఉన్న ప్యూపాలు, అంటే ఇంకా రెక్కలు రాని పిల్లలు, తర్వాత కూడా రెక్కలతో బయటికి వస్తాయి, అవీ పొడి మీద నడిచి చావాలి. రాకపోకలు పూర్తిగా ఆగి, ఒక పగలంతా ఒక్కటీ కనిపించకపోయాకే బోర్డు కోశాడు. గుమ్మడికాయంత గూడు, లోపల అంతస్తులుగా అరలు. రెండు కవర్లలో కట్టి పారేశాడు, వదిలేస్తే కుళ్ళి కంపు కొడుతుంది, చీమలు పడతాయి. ఆ తర్వాతే మేస్త్రీకి పని దొరికింది: రంధ్రానికి సన్న కన్ను ఇనుప జాలీ, దాని మీద సిమెంటు.

ఇక కడుపుమంట. ఫోన్ చేసిన ఒక ఆఫీసు ఇది మంట కాదంది. ఇంకొకటి పామైతే వస్తామంది. మరొకటి అర్జీ ఇమ్మంది. డబ్బులు తీసుకునే పెస్ట్ కంట్రోల్ కంపెనీ చెదలు, బొద్దింకలే చేస్తామంది. కుట్టే పురుగు ఇంట్లో దూరితే ఎవరి బాధ్యతో ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు. అమ్మను మొదట తీసుకెళ్ళిన ఆసుపత్రిలో పెదవులు వాచి గొంతు బొంగురుపోతుంటే అవిల్ అనే అలర్జీ మందు, స్టెరాయిడ్ ఇచ్చి ఫైలుకు డబ్బు కట్టమన్నారు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులో నాలుకో వాపు, ఆయాసం, వాంతి, కళ్ళు తిరగడం ఉంటే మొదట పడాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటివైపు కండలో, పెద్దవాళ్ళకు 0.5 మిల్లీగ్రాములు, అంటే 1 మిల్లీగ్రాము ఆంప్యూల్లో సగం. తగ్గకపోతే 5 నిమిషాల తర్వాత మళ్ళీ. అవిల్, స్టెరాయిడ్ దానికి బదులు కావు. చవకైన మందు, దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు. అది లేని చోట ఎమర్జెన్సీ అని ఎర్ర బోర్డు ఎందుకు పెట్టుకుంటారో!

రెండో ఆసుపత్రి క్యాజువాలిటీలో ఉన్న నర్సమ్మ చీటీ కోసం ఆగకుండా డాక్టరు గారిని కేకేసి ఆ ఇంజెక్షన్ వేయించింది. వాపు పెరగకముందే అమ్మ గాజులు, ఉంగరం సబ్బు రాసి తీసింది కూడా ఆవిడే. లేకపోతే కోయాల్సి వచ్చేది. కుట్టినచోట అప్పటికే ఎవరో సున్నం రాశారు, అదంతా కడిగింది. సున్నం, ఉల్లిగడ్డ, ఇనుప ముక్క ఏవీ వద్దు, సబ్బుతో కడిగి గుడ్డలో చుట్టిన మంచు పెట్టండి చాలు. కందిరీగ ముల్లు వదలదు, గీకడానికి అక్కడ ఏమీ ఉండదు. నర్సమ్మా, మీ పేరు అడగలేదు, క్షమించండి.

మర్చిపోయాను: ఆ అన్న నంబరు ఇచ్చింది మా పాలాయన. ఇళ్ళలో వాడే పొడి కోసం షాపు మూసి పక్క టౌనుకు బండి మీద పోయొచ్చిన తమ్ముడికి కూడా.

ఇంకా: 108లో వచ్చిన ఇద్దరూ. దారిలో అమ్మ కూర్చుంటానంటే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తు మీద పెట్టారు, ఆయాసం మొదలయ్యాకే ఆనించి కూర్చోబెట్టారు.

వీధిలో లైట్లు ఆపినవాళ్ళందరికీ. చివరి ఇంటి సార్‌కు ప్రత్యేకంగా, టీవీలో మ్యాచ్ ఉండగా ఆపారు. నిచ్చెన పట్టుకున్న పిల్లోడు ఎలక్ట్రీషియన్ దగ్గర పనిచేసే అబ్బాయి, వాడికి రెయిన్‌కోట్ బాకీ ఉన్నాం.

ఆ నిచ్చెన ఎవరిదో ఇంకా తెలియలేదు. పద్నాలుగు మెట్ల అల్యూమినియంది, ఒక కాలికి రబ్బరు లేదు. మా వరండాలో ఉంది, వచ్చి తీసుకెళ్ళండి.