పిల్లల చేతికి పార ఇవ్వండి

సంపాదకులకు,

పర్యావరణహిత జీవనాన్ని చూపే ప్రదర్శన కేంద్రాలకు బడి పిల్లల్ని తీసుకెళ్లడం మంచి సంగతే. అయితే చాలాచోట్ల పిల్లల్ని వరుసగా నిలబెట్టి, కంపోస్టు గుంత ముందు ఐదు నిమిషాలు, సోలార్ కుక్కర్ ముందు ఐదు నిమిషాలు, వాననీటి ట్యాంకు ముందు మరో ఐదు నిమిషాలు చెప్పి పంపేస్తున్నారు. చేతికి మట్టి అంటనిదే ఈ విద్య వంటబట్టదు. ఈ పనులు నేర్పేవాళ్లుగా మా మనవి: ఆరు పనులు చూపించే బదులు ఒక్క పనైనా పూర్తిగా చేయించండి.

కంపోస్టుతో మొదలుపెట్టవచ్చు. ఎనిమిది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి తోడుండాలి. అంతకు మించితే సగం మంది చూస్తూ నిలబడిపోతారు. మూడు బకెట్ల ఎండుటాకులకు ఒక బకెట్ కూరగాయల తొక్కలో పచ్చగడ్డో వేసి, పొరపొరకూ నీళ్లు చల్లించాలి. తడి సరిపోయిందో లేదో పిల్లలే చూసుకోగలరు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించాలి. ధార కారితే నీళ్లెక్కువైనట్టు, పొడిపొడిగా రాలిపోతే చాలనట్టు. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు మీటరుకు తగ్గకూడదు. చిన్న కుప్పలో వేడి నిలవదు. సరిగ్గా కుదిరితే కొద్ది రోజుల్లోనే లోపల 55 డిగ్రీలు దాటుతుంది. పొడుగు కాడ థర్మామీటరు గుచ్చి ఆ అంకె చదివిన పిల్లలకు ఆ వేడి పుట్టించే సూక్ష్మజీవుల గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

పక్కనే రెండో కుప్పను అచ్చంగా పచ్చి చెత్తతోనే వేయించండి. కొద్దిరోజులకే కంపు కొడుతుంది. తడి చెత్త తన బరువుకే అణిగిపోయి గాలి ఆడదు, మిగులు నత్రజని అమ్మోనియాగా బయటికొస్తుంది. సందర్శకులు ముక్కు మూసుకుంటారని నిర్వాహకులు ఇలాంటివి కనబడనివ్వరు. దయచేసి దాచకండి. ఎండుటాకులు కలిపి, తిరగేసి, ఆ వాసనను పోగొట్టేది పిల్లలే కావాలి. చెడినదాన్ని బాగుచేసినప్పుడే కారణం బుర్రకెక్కుతుంది.

పెద్ద తరగతుల వాళ్లకు వాననీటి లెక్క ఇవ్వండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు. టేపుతో పైకప్పు కొలిచి 40 చదరపు మీటర్లని తేల్చితే, 25 మిల్లీమీటర్ల వానకు వెయ్యి లీటర్లు. ఇంకిపోయేది, చిందిపోయేది, మొదట వదిలేసే మురికి నీరు తీసేయడం కూడా వాళ్లే ఆలోచించాలి.

జాగ్రత్తలు కొన్ని. పిల్లలకు చిన్న పిడి ఉన్న తేలిక పారలే ఇవ్వాలి. పెద్దవాళ్ల పార బరువుకు పట్టు తప్పి పక్కవాళ్ల కాలికి తగులుతుంది. ఎండిన కుప్పను తిరగేసే ముందు నీళ్లు చల్లకపోతే బూజు ధూళి ముక్కుల్లోకి పోతుంది. చేతికి గాయముంటే గ్లవ్స్, పనయ్యాక సబ్బు తప్పనిసరి. సోలార్ కుక్కర్ అద్దంలోకి నేరుగా చూడనివ్వద్దు.

బడుల యాజమాన్యాలకు ఒక విన్నపం. మూడు తరగతుల్ని ఒక్కోసారి పంపే బదులు ఒకే తరగతిని మూడుసార్లు పంపండి: కుప్ప వేసే రోజు, వేడి తగ్గి తిరగేయాల్సిన రోజు, కొన్ని నెలల తర్వాత మాగిన ఎరువును జల్లెడ పట్టి మడుల్లో చల్లే రోజు.

ఇట్లు,
పిల్లలకు ఈ పనులు నేర్పే శిక్షకులు