కరెంటు పోతే హాల్లోకి సముద్రం వచ్చే ట్యాంకు: మీ కంపెనీ మీద నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఫిబ్రవరిలో మీరు మా ఇంట్లో బిగించిన ఆరడుగుల సాల్ట్ వాటర్ అక్వేరియం.

అయ్యా,

ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, మూడు మెయిళ్ళు పెట్టాను. చేసిన ప్రతిసారీ ఎవరో కొత్త మనిషి ఎత్తి "మీ సమస్య ఏంటి సార్" అని మళ్ళీ మొదటికి వస్తున్నారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి అంతా ఒకేసారి రాస్తున్నాను. పొడుగైంది, ఏమనుకోకుండా చివరిదాకా చదవండి.

మాది నెల్లూరు. మైపాడు వైపు మాకు రొయ్యల గుంటలున్నాయి, నాన్న మొదలుపెట్టినవి. గొప్పకి చెప్పడం లేదు. సాల్నిటీ (లీటరు నీళ్ళలో ఎన్ని గ్రాముల ఉప్పుందో), అమోనియా, పీహెచ్ అనే మాటలు మా ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకునేవే, కాబట్టి "కస్టమర్‌కి అవగాహన లేకపోవడం వల్ల" అని మీ మెయిల్లో రాసిన మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ట్యాంకు దించిన రోజు నాన్న చూసి "గుంట చాలక ఇంట్లోకి కూడా తెచ్చావా" అన్నాడు. పిల్ల అడిగింది, నీమో కావాలంది, నాకూ సరదా ఉంది, రూ.2,85,000 కట్టాను.

మీ కుర్రాడు వచ్చి బిగించాడు, మంచివాడే, అన్నా అన్నా అంటూ సాయంత్రం దాకా కష్టపడ్డాడు. అతని మీద నాకేం ఫిర్యాదు లేదు. మీరు అతనికిచ్చిన కాగితంలో మూడో రోజు చేపలు వదలమని ఉంది, వదిలాడు. నేను అడిగాను, కొత్త నీళ్ళు కదా, అమోనియాని తినే బ్యాక్టీరియా రాళ్ళ మీద నిలదొక్కుకోవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టదా అని. బ్యాక్టీరియా బాటిల్ పోశాం కదన్నా, ఏం కాదు అన్నాడు. వదిలినవి: రెండు క్లౌన్లు (పిల్ల అడిగిన నీమోలు), నాలుగు డామ్సెల్ చేపలు, ఒక బ్లూ టాంగ్ చేప, రెండు క్లీనర్ రొయ్యలు. పదకొండో రోజుకి క్లౌన్లు నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి కొట్టుకుంటున్నాయి. మేం గుంట నీళ్ళు చూపించే ల్యాబ్‌కే ఒక సీసా పట్టుకెళ్ళాను. అమోనియా 2 పీపీఎం, పీహెచ్ 8.2. పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమోనియా ఎక్కువ విషమవుతుందని రొయ్యల రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ల్యాబ్ అబ్బాయి రిపోర్టు ఇస్తూ ఏ గుంటదన్నా ఇది అని అడిగాడు. హాల్లోది అన్నాను.

రెండు క్లౌన్లూ పోయాయి. పిల్ల రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత బ్లూ టాంగ్ ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు వచ్చాయి. ఫొటో పంపితే మీ వాళ్ళు ఫోన్లో "వైట్ స్పాట్ సార్" అన్నారు. స్పీకర్లో విన్న నాన్న మొహం మాడిపోయింది. 1994-95లో ఈ తీరంలో వైట్ స్పాట్ ఎన్ని గుంటల్ని ఊడ్చిపెట్టిందో చూసిన మనిషి ఆయన, ఇప్పటికీ ఆ మాట వింటే ఉలిక్కిపడతాడు. అది వేరు నాన్నా, రొయ్యలకి వచ్చేది వైరస్, చేపలకి వచ్చేది చర్మంలో దూరే ఓ పరాన్నజీవి, పేరొక్కటే అని నచ్చజెప్పాల్సి వచ్చింది. అది సరే, మీరు చెప్పిన మందు మాటేంటి? కాపర్. జబ్బు చేసిన చేపని వేరే తొట్లోకి తీసి అక్కడ వాడాల్సిన మందుని నేరుగా పెద్ద ట్యాంకులో పోయమన్నారు. లోపల క్లీనర్ రొయ్యలున్నాయి అన్నాను. తక్కువ డోసే సార్, పర్లేదు అన్నారు. మర్నాటికి రెండూ తిరగబడి ఉన్నాయి. ఒక్కోటి రూ.1,800 పెట్టి కొన్న రొయ్య, రొయ్యల రైతు ఇంట్లో, రైతు చేత్తోనే చంపించారు. టాంగ్ కూడా దక్కలేదు. ఆ కాపర్‌ని రాళ్ళు పీల్చుకుంటాయి కాబట్టి ఇక ఆ రాళ్ళతో రొయ్యల్ని పెట్టడానికి నాకు ధైర్యం లేదు, రూ.22,000 రాళ్ళవి.

వీటిని అనుభవం కింద రాసుకుని ఊరుకుందామనుకున్నాను. డామ్సెళ్ళు మాత్రం మొండివి, నాలుగూ తిరుగుతూనే ఉన్నాయి. కానీ ఏప్రిల్ వచ్చేసరికి అవి కూడా మూలకి చేరి మేత ముట్టడం మానేశాయి. ఈసారి ల్యాబ్ రిపోర్టులో సాల్నిటీ 41. పెట్టిన రోజు 35 ఉంది. మన సముద్రంలో కూడా లేని ఉప్పు మా హాల్లోకి ఎలా వచ్చిందా అని తల పట్టుకుని, చివరికి మీరిచ్చిన పుస్తకం తీశాను. నాలుగో పేజీ, పైనుంచి రెండో పేరా: "రోజూ తగ్గిన నీటిని సిద్ధం చేసుకున్న సాల్ట్ వాటర్‌తో నింపండి."

ఇది రాసినవాళ్ళు ఎప్పుడైనా ఉప్పుమడి చూశారా? ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది. తగ్గినదాన్ని మంచినీళ్ళతోనే నింపాలి. మా ఎండలకి ఫ్యాను కింద రోజుకి 7 లీటర్లు ఆవిరవుతున్నాయి. 7 లీటర్లు, లీటరుకి 35 గ్రాములు, అంటే రోజుకి పావుకిలో ఉప్పు అదనంగా పడుతోంది. ఇరవై రోజులకి 5 కిలోలు. సంప్‌తో (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టితో) కలిపి నా దగ్గరున్న నీళ్ళు 800 లీటర్లు. 5 కిలోలు అందులో పడితే లీటరుకి 6 గ్రాములు పెరిగి 35 కాస్తా 41 అవుతుంది. ల్యాబ్ లెక్కా నా లెక్కా సరిగ్గా కలిశాయి. మా గుంటల్లో ఎండాకాలం జరిగేదే ఇది. అయినా నేను కూడా పుస్తకాన్ని నమ్మి పోశాను, ఆ తప్పు ఒప్పుకుంటున్నాను. అచ్చేసిన మాట కదా అనుకున్నా.

నీళ్ళు చల్లబరిచే చిల్లర్ సంగతి క్లుప్తంగా చెప్తాను. మీరు పంపింది 1/10 హెచ్‌పీది. దాని డబ్బా మీదే 300 లీటర్ల వరకు అని రాసుంది. ట్యాంకు 680 లీటర్లది. దాన్ని తీసుకెళ్ళి స్టాండ్ కింద, తలుపులు మూసిన అల్మరాలో పెట్టారు. అది వదిలే వేడిగాలి అందులోనే తిరిగి దానికే తగులుతుంది. బయట 42 డిగ్రీలున్న రోజు నీళ్ళు 31.5 చూపించాయి. నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లారుజామున నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే గుంటలో ఏమవుతుందో మాకు తెలుసు, ఇక్కడా అదే. అల్మరా తలుపులు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టుకున్నాను.

ఇక అసలు విషయం. మే 21 రాత్రి గాలివానకి కరెంటు పోయింది. రెండింటప్పుడు కుళాయి సరిగ్గా కట్టనట్టు సన్నగా చప్పుడు వినిపిస్తే లేచాను. హాల్లో అడుగు పెట్టగానే పాదం తడిసింది. సింటెక్స్ ట్యాంకు పొంగిందేమో అనుకుని చెయ్యి ముంచి నాలుక మీద పెట్టుకున్నా, ఉప్పు. టార్చి వేస్తే నాన్న అప్పటికే గొంతుక్కూర్చుని తువ్వాలు పిండుతున్నాడు. నీళ్ళు సోఫా కిందినుంచి పూజగది గడప దాటాయి. అమ్మ దేవుడి పటాలు మంచం మీద పెట్టి మమ్మల్నెవర్నీ ఒక్క మాట అనలేదు, అది ఇంకా భయం వేసింది.

పొద్దున టేపు పెట్టి కొలిచాను. సంప్‌లోంచి నీళ్ళు పైకి తెచ్చే గొట్టం మూతి ట్యాంకులో నీటిమట్టానికి 5 అంగుళాల కింద ఉంది. పంపు తిరిగినంతసేపూ ఇబ్బంది లేదు. పంపు ఆగిందా, అదే గొట్టం వెనక్కి లాగడం మొదలుపెడుతుంది, మోటారు ఆపాక డ్రమ్ములో వేసిన పైపు నీళ్ళని వెనక్కి గుంజినట్టే. మూతి గాలికి తేలేదాకా ఆ గుంజుడు ఆగదు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ట్యాంకులో ఒక్క అంగుళం తగ్గిందంటే సరిగ్గా ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. 5 అంగుళాలకి 141. సంప్‌లో ఖాళీ ఎంతుందో కూడా కొలిచాను, 60 లీటర్లు. మిగిలిన 80 లీటర్లు ఎక్కడికి పోతాయి? మా అమ్మ పూజగదిలోకి పోతాయి.

బిగించిన రోజు కూడా ఈ మూతి గురించి అడిగాను. నీళ్ళు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్ వేశామన్నా అని మీ కుర్రాడు చూపించాడు. బోరు ఫుట్‌వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుంటే నీళ్ళు దిగిపోతాయని మా పాలేరుకి కూడా తెలుసు. విప్పి చూస్తే మీ వాల్వ్ పలకకి అడ్డంగా సెనగగింజంత రాయిముక్క ఉంది, మీరు పోసిన రాళ్ళదే.

అంతటితో అయిపోలేదు. నాలుగింటికి కరెంటొచ్చింది. సంప్‌లో ఉండాల్సిన నీళ్ళలో 80 లీటర్లు నేలపాలయ్యాయి కదా, ఉన్నదంతా పైకి తోసేసి పంపు ఒట్టిగా తిరిగి కాలిపోయింది. ఆ వాసనకి గానీ స్విచ్ కట్టాలని మాకు తట్టలేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు సంప్ పక్కనే నేల మీద పెట్టారు, తడిలో మునిగి ఉంది, నాన్న చెయ్యి అక్కడికి జానెడు దూరంలో ఉంది. ఆ మాట తల్చుకుంటే ఇది రాస్తుంటే కూడా చేతులు వణుకుతున్నాయి.

స్టాండ్ బిల్లులో "మెరైన్ ప్లైవుడ్" అని ఉంది. వారానికి అడుగు అంచులు టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బి పొరలు రాలుతున్నాయి. గోరుతో గీకితే రంపపు పొట్టు. ఎండీఎఫ్ అది, పొట్టు అదిమి చేసిన చెక్క. దాని మీద నీళ్ళే 700 కిలోలు, అద్దం, రాళ్ళు, ఇసుక కలిపితే టన్నుకి దగ్గర. అదే రోజు ట్యాంకు ఖాళీ చేశాం. రొయ్య పిల్లల్ని (సీడ్) తెచ్చే కవర్లలో ఆక్సిజన్ పట్టి నాలుగు డామ్సెళ్ళనీ మా బావ హేచరీకి తీసుకెళ్ళాను. అసలైన సముద్రం నీళ్ళలో పడి రెండో రోజుకే మేతకి ఎగబడుతున్నాయట. మొదట్లో సముద్రం నీళ్ళు వడగట్టి వాడతానంటే మా సాల్ట్ వాడకపోతే వారంటీ ఉండదు అన్నది మీరే.

దీనంతటికీ మీ చివరి జవాబు రెండు వాక్యాలు. విద్యుత్ అంతరాయం వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు. కస్టమర్ సంతృప్తి కోసం ఒక లైవ్ కోరల్ ముక్క ఉచితంగా పంపగలము.

మొదటిదానికి: నెల్లూరులో కరెంటు పోవడం వింతా విడ్డూరమా? కరెంటు పోతే పొంగే ట్యాంకుని ఈ దేశంలో ఎక్కడ అమ్ముదామని తయారుచేశారు? ట్యాంకు ఖాళీ చేసేముందు నేనొక పని చేశాను. గొట్టానికి నీటిమట్టం కిందే, అంగుళంలోపు, డ్రిల్లుతో 6 మిల్లీమీటర్ల చిల్లు పెట్టాను. మా బావ పాత పంపు తగిలించి నీళ్ళు నింపి స్విచ్ కట్టాను. అంగుళం దిగింది, చిల్లులోంచి గాలి పీల్చుకుంది, ఆగిపోయింది. 28 లీటర్లు, సంప్‌లో హాయిగా పట్టాయి. ఖర్చు సున్నా. వీడియో జత చేస్తున్నాను.

రెండోదానికి: ఆ కోరల్, అదే పగడం, మీ దగ్గరే ఉంచుకోండి. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, 2001లో చేర్చారు. నష్టపరిహారం కింద నన్ను కేసులో ఇరికిస్తారా? ఆ మెయిల్ దాచి ఉంచాను.

నాకు కావాల్సినవి చెప్తున్నాను. స్టాండ్ తీసేసి ఇనుప ఫ్రేముది ఇవ్వండి. పంపు కొత్తది. చిల్లర్ మార్చి 800 లీటర్లకి సరిపోయేది, కంపెనీ కాగితంతో సహా. చనిపోయిన చేపలు, రొయ్యలు, పాడైన రాళ్ళు కలిపి రూ.38,600, బిల్లులు మీవే. నాలుగో పేజీ దిద్ది, ఆ పుస్తకం తీసుకున్న అందరికీ తెలియజేయండి, ఇది నా డబ్బు కన్నా ముందు చేయాల్సింది, ఎందుకంటే ఇవ్వాళ కూడా ఎక్కడో ఎవరో ఆ పేజీ చూసి ఉప్పునీళ్ళు కలిపి పోస్తుంటారు. నేల మీద తెల్లగా పేరుకున్న మరకలు మేమే తోముకుంటాం, వాటి గురించి అడగను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించి, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. బిల్లు వెనక "వివాదాలు మా ఊరి కోర్టు పరిధిలోనే" అని చిన్న అక్షరాల్లో వేశారు, చూశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తానుండే చోటే వేసుకోవచ్చు.

మనిషిని పంపేటట్టయితే ఆ కుర్రాణ్ణే పంపండి, జరిగినదానికి అతని జీతంలో కోయకండి. ముందురోజు ఫోన్ చేసి రమ్మనండి. గుంటల్లో రొయ్యల పట్టుబడి ఉన్న రోజు మాత్రం ఇంట్లో ఎవరం ఉండం.

ఇట్లు,
మీ కస్టమర్, నెల్లూరు

జత: బిల్లు, రెండు ల్యాబ్ రిపోర్టులు, నాలుగో పేజీ ఫొటో, ఉబ్బిన స్టాండ్ ఫొటోలు, చిల్లు పెట్టిన గొట్టం వీడియో.