కియోటో మామ్మగారికి, ఇంకా చాలామందికి

నిన్న రాత్రి రెండు దాటాక ఇంటికి చేరాం. కాలు మూడు దిండ్ల మీద, ఫోను పొట్ట మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది, నిద్ర మాత్రం రావడం లేదు. "ఏమైంది, ఎలా ఉంది" అని అందరూ మెసేజ్‌లు పెడుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడే ఒకేసారి చెప్పేస్తున్నా. కుడికాలి చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ అవసరం ఉండకపోవచ్చన్నారు. ప్రాణానికి ఢోకా ఏం లేదు. మా అమ్మకి మాత్రం ఫోన్ చేసి పరామర్శించకండి, ఎవరు చేసినా మళ్ళీ మొదట్నుంచీ ఏడుస్తోంది.

మేం నలుగురం హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళం. పెళ్ళిళ్ళు, పిల్లలు, ఉద్యోగాలు, ఒకరికి కుదిరితే ఇంకొకరికి కుదరక, చివరికి పదకొండేళ్ళకి పడిన ట్రిప్పు ఇది. పది రోజులు జపాన్. టోక్యో, హకోనే, కియోటో, చివర్లో నారా జింకలు, ఒసాకాలో షాపింగ్. మొదటి ఏడు రోజుల ఫొటోలతో మీ అందరి బుర్రలూ తిన్నాం కాబట్టి వాటి జోలికి పోను. ఎనిమిదో రోజు సాయంత్రం నుంచి ఫొటోలు ఎందుకు ఆగిపోయాయో చెప్తాను.

ఆ రోజు కియోటోలో ఫుషిమి ఇనారి గుడికి వెళ్ళాం. వరసగా వేల ఎర్ర ద్వారాలు, వాటి కిందుగా కొండ మీదికి దారి, ఆ ఫొటో మీరూ ఎక్కడో చూసే ఉంటారు. ఇనారి అంటే వరి పంటను కాచే దేవత. గుడి 711లో వెలిసిందని చెబుతారు. కొండ ఎత్తు 233 మీటర్లే. "తిరుమల మెట్లెక్కినవాళ్ళం, ఇదో లెక్కా" అంది మా బందరు పిల్ల. సగం పైకి వెళ్ళాక యోత్సుత్సుజి అని ఒక కూడలి ఉంది, అక్కణ్ణుంచి ఊరు కనిపిస్తుంది. సూర్యాస్తమయం చూసి దిగుదామనుకున్నాం. నవంబరు ఆఖర్న అక్కడ ఐదు కాకుండానే పొద్దు గుంకిపోతుంది. పొద్దున వాన పడింది, రాతిమెట్ల మీద ఆకులు ఇంకా తడిగానే ఉన్నాయి. నేను వీడియో తీసుకుంటూ దిగుతున్నాను. (ఈ ఒక్క ముక్క ఇంట్లో ఇంకా చెప్పలేదు. అత్తయ్యగారూ, చదువుతుంటే ఏమీ అనుకోకండి.)

కాలు జారడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది, చూస్తుండగానే పాదం వాచిపోవడం, ఆ కాలికి షూ లేకపోవడం. జపాన్‌లో ప్రతిచోటా షూ విప్పాలి కదా, లేసులు వదులుగా కట్టుకోవడం అలవాటైపోయింది. అది ఎగిరి చీకట్లో ఎక్కడో పడింది.

మా కర్నూలు పిల్ల వెంటనే అక్కడి ఎమర్జెన్సీ నంబరు 119కి కొట్టింది. కాల్ వెళ్ళలేదు. మేం నలుగురం కొన్నవీ డేటా ఈ-సిమ్‌లే. వాట్సాప్ వస్తుంది, మ్యాప్ వస్తుంది, మామూలు కాల్ మాత్రం పోదు. కొనేటప్పుడు "కాల్స్ ఎవరు చేస్తారే" అన్నది నేనే.

అప్పుడు గంట వినిపించింది. చిన్న గజ్జె చప్పుడు లాంటిది. చేతికర్రకి గంట కట్టుకుని ఒక మామ్మగారు పైకి వస్తున్నారు. డెబ్బై అయిదు పైనే ఉంటాయి, నా భుజం దాకా కూడా రారు. వీపున చిన్న సంచి, తలకి ఉన్ని టోపీ. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. మమ్మల్ని ఏమీ అడగలేదు. టార్చి వేసి నా కాలు చూసి "దైజోబు, దైజోబు" అన్నారు. ఫర్వాలేదని. ఆ ట్రిప్పులో ఆ మాట ఎన్నోసార్లు విన్నాం గానీ నేను నమ్మింది అప్పుడే. సంచిలోంచి మడత గొడుగు తీసి నా కాలి పక్కన ఆనించి, పొడుగాటి చేతిగుడ్డలతో రెండు చోట్ల కట్టేశారు. తర్వాత మూత తెరిచే పాతకాలపు ఫోన్‌తో 119కి చేశారు. ఆ చీకట్లో, ఫోన్‌లో అవతలి మనిషికి వంగి వంగి దణ్ణాలు పెడుతూ మాట్లాడారు.

వాళ్ళు కొండెక్కి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆవిడ తడి మెట్టు మీద కూర్చుని నా మడమ తన ఒళ్ళో పెట్టుకున్నారు. నేను లాక్కోబోయాను. పెద్దవాళ్ళకి పొరపాటున కాలు తగిలితేనే చెయ్యి కళ్ళకద్దుకుంటాం, అలాంటిది ఒళ్ళో కాలా? ఆవిడ నా మోకాలి మీద చిన్నగా ఒక్కటి వేశారు, పిల్లల్ని గదిమినట్టు. ఊరుకున్నాను. మధ్యలో డబ్బాలోంచి అన్నం ముద్ద తీసి నా నోటికి అందించారు. లోపల ఉమెబోషి. నూనె, కారం, ఆవపిండి ఏదీ లేకుండా ఒట్టి ఉప్పులో ఊరిన పుల్లటి పండు. ముందురోజే అది తిని మొహాలు చిట్లించుకుని, దీన్ని ఊరగాయంటారా అని నవ్వుకున్నాం. కొండ మీద ఆ ముద్ద నములుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. నొప్పికి అనుకున్నారు మావాళ్ళు.

119 అంటే అక్కడ ఫైరింజనూ అంబులెన్సూ రెండూ. వచ్చింది ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళే, ఆరుగురు. స్ట్రెచర్ మీద వెల్లకిలా దిగుతుంటే ఒకటి గమనించాను. ఎక్కేటప్పుడు ఏమీ లేనట్టు కనిపించిన ఆ ఎర్ర స్తంభాల వెనకవైపు నిండా నల్లటి రాతలు. ఏ ద్వారం ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో. మన గుళ్ళలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయిస్తారే, అచ్చం అలాగే. ఈ మాట అంటే మా బందరు పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

కింద అంబులెన్స్ ఎక్కించాక బండి కదల్లేదు. ఏ ఆస్పత్రి చేర్చుకుంటుందో ఫోన్లు చేసి ఖాయం చేసుకున్నాకే కదులుతారట. ఇరవై నిమిషాలు. అంతసేపూ మామ్మగారు బయట చలిలో నిలబడే ఉన్నారు. అద్దంలోంచి ఆ ఉన్ని టోపీ కనిపిస్తూనే ఉంది. బండి కదిలాక నడుం దాకా వంగారు. అంబులెన్స్‌కి ఒక్క యెన్ కూడా తీసుకోలేదు, అదీ చెప్పాలి.

ఆస్పత్రిలో నర్సు ట్యాబ్‌లో జపనీస్‌లో మాట్లాడితే అది తెలుగులో చదివి వినిపించింది. అందులో తెలుగు ఉంటుందని మేమే అనుకోలేదు. "మీ కాలిని మీ మనసు కంటే ఎత్తులో ఉంచండి" అంది. గుండె అని దాని ఉద్దేశం. ఈ మూడు దిండ్లూ అందుకే. ఎక్స్‌రే, కట్టు, ఊతకర్రల డిపాజిట్ అన్నీ కలిపి బిల్లు 92 వేల యెన్లు. అక్కడి ఇన్సూరెన్స్ లేనివాళ్ళం కాబట్టి మొత్తం అప్పటికప్పుడే కట్టాలి.

ఇక్కడ ఒక మాట అనకపోతే నాకు కడుపుబ్బరం తగ్గదు. బయల్దేరేముందు నలుగురం ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం. పేజీ నిండా "క్యాష్‌లెస్" అని ఉంది. పాలసీ మీద ఇచ్చిన నంబరు 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ. అది ఇండియాలోనే పని చేస్తుంది. పరాయి దేశంలో దెబ్బ తగిలినవాళ్ళ కోసం పెట్టిన నంబరు పరాయి దేశం నుంచి కలవదు, ఈ ఆలోచన ఎవరి బుర్రలో పుట్టిందో! యాప్‌లో పెడదామంటే ఓటీపీ ఇండియా నంబరుకి వస్తుంది, ఆ సిమ్‌కి రోమింగ్ లేదు. చివరికి నలుగురి కార్డులూ గీకి కట్టాం. ఇవాళ వాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. జపనీస్ బిల్లుకి ఇంగ్లిష్ అనువాదం కావాలట, దాని మీద ఆ ఆస్పత్రి స్టాంపు ఉండాలట. "త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం" అని కింద ఒక పువ్వు బొమ్మ.

విమానం వాళ్ళది ఇంకో కథ. కట్టు వేసిన 48 గంటల్లోపు ఎక్కాలంటే ఆ కట్టు చీల్చి ఉండాలి, ప్రయాణం చెయ్యొచ్చని డాక్టరు రాసివ్వాలి, అదీ వాళ్ళ ఫారంలోనే. రూలు తప్పని అనను, గాల్లో కాలు వాస్తుందట. కానీ ఆ ఫారం ఎక్కడుందో కనుక్కోవడానికి చాట్‌లో ముగ్గురితో మాట్లాడాం, అందులో ఇద్దరు అసలు మనుషులే కాదు. డ్యూటీ అయిపోయి కోటు వేసుకుని బయల్దేరబోతూ మళ్ళీ కూర్చుని ఆ ఫారం ఇంగ్లిష్‌లో నింపిచ్చిన డాక్టరుగారికి దణ్ణం.

పడిన మర్నాడు మావాళ్ళని నారా వెళ్ళమని బతిమాలాను, ఒక్కరూ కదల్లేదు. సాయంత్రం గెస్ట్‌హౌస్ ఓనరు వచ్చి మీ కోసం ఎవరో వచ్చారన్నాడు. వెనకాలే గంట చప్పుడు. ముందురోజు అంబులెన్స్ దగ్గర మావాళ్ళు ఆవిడ చేతిలో గెస్ట్‌హౌస్ కార్డు పెట్టారట, నాకు తెలీదు. ఆవిడ చేతిలో నీలం గుడ్డ మూట. విప్పితే నా షూ.

తెల్లవారుతూనే మళ్ళీ ఆ కొండెక్కి, మెట్ల పక్క పొదల్లో వెతికి తెచ్చారని ఓనరు చెప్పాడు. అంతటితో అయితే థాంక్యూ చెప్పి ఊరుకునేదాన్నేమో. ఆవిడ ఆ షూ ఉతికారు. మా వీధి మట్టి కూడా వదలకుండా పట్టుకుని ఉన్న తెల్ల కాన్వాస్ షూ అది, కొన్నప్పుడైనా అంత తెల్లగా ఉందో లేదో. ఇంకా కొంచెం చెమ్మగా ఉంది, లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి ఉన్నాయి. లేసు విడిగా తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ ఎక్కించారు. ఇస్త్రీ చేసిన షూలేసు నేను జన్మలో చూడలేదు. జడ రిబ్బనులా ఉంది.

ఆవిడ గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఉన్న జోడు పక్కన దాన్ని పెట్టి, రెండిటి మొనలూ బయటివైపు తిప్పి సర్దారు. అక్కడ అలాగే పెడతారు, వెళ్ళేటప్పుడు కాళ్ళు దూర్చి నడిచి వెళ్ళిపోవడానికి. నాకేమో ఒక కాలు కట్టులో ఉంది.

ఇంక ఆగలేదు. కొండ మీద ఏడ్చింది ఏడుపే కాదు. మా అమ్మ నా చెప్పులు పక్కకి జరిపినా "నువ్వు ముట్టుకోకమ్మా" అంటాను. కాళ్ళకి దణ్ణం పెడదామంటే కిందికి దిగలేను. మంచం మీదే చేతులు జోడించి వంగాను, ఆవిడ నా కంటే కిందికి వంగారు, నేను ఇంకొంచెం, ఆవిడ ఇంకొంచెం. పడిపోతానని మా కర్నూలు పిల్ల వెనక నుంచి పట్టుకుంది.

డబ్బు తీస్తే చేతులు అడ్డంగా ఊపేశారు. బందరు లడ్డు డబ్బాలో అడుగున నాలుగు మిగిలాయి, అవే ఇచ్చాం. రెండు చేతులా అందుకుని, ఒకటి తీసి నా చేతిలో పెట్టి, మూడు మూట కట్టుకున్నారు. మర్యాద అనుకున్నాం. తర్వాత తెలిసింది, వాళ్ళ భాషలో నాలుగుకీ చావుకీ ఒకటే ఉచ్చారణట, నాలుగేసి ఎవరికీ ఇవ్వరట. మాకు తెలీదని ఆవిడకి తెలుసు. ఏమీ అనకుండా లెక్క సరిచేసి వెళ్ళారు. పేరు అడిగితే నవ్వేశారు. నా దగ్గర ఆవిడ ఫొటో కూడా లేదు. ఆవిడ ఇది చదవలేరు కూడా. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

మా ఆయన, అమ్మ, అత్తయ్యగారు, పాపని చూసుకున్న మా ఆడపడుచు, అర్ధరాత్రి ఎయిర్‌పోర్టుకి వచ్చిన తమ్ముడు, అందరికీ థాంక్స్, మీకు వేరే చెప్పక్కర్లేదు. మా మూడు దయ్యాలకి అసలే చెప్పను, ఒసాకా షాపింగ్ ఎగ్గొట్టించానని జన్మంతా దెప్పుతారు ఎలాగూ.

అయ్యో, కియోటో స్టేషన్ ఉద్యోగి! వీల్‌చైర్ కోసం రైలుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య మడత పలక వేసి ఎక్కించి, ముందుకి కబురు పెట్టాడు. కన్సాయ్ ఎయిర్‌పోర్టులో సరిగ్గా అదే తలుపు ఎదురుగా ఇంకో ఆయన పలక పట్టుకుని నిలబడి ఉన్నాడు. గెస్ట్‌హౌస్ ఓనరు మాకు కింది గది ఇచ్చి, సూట్‌కేసులు టక్యుబిన్ అనే కొరియర్‌లో ముందే ఎయిర్‌పోర్టుకి పంపించి, ఊతకర్రలు కూడా తనే వెనక్కిచ్చేస్తానన్నాడు. టోక్యో నిషి కసాయ్‌లో ఉండే తెలుగు తమ్ముడు, ఎవరి ఫ్రెండుకి ఫ్రెండో ఇప్పటికీ సరిగ్గా తెలీదు, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడి పెట్టాడు. నాలుగు సంగతి చెప్పిందీ అతనే. ఐస్ ముక్కల సంచికి డబ్బు తీసుకోని స్టోర్ అబ్బాయి. విమానంలో నా కాలు చాపుకోవడానికి సీటు మారిన మలయాళీ అక్క. ఇంకా ఎవర్నైనా వదిలేస్తే తిట్టుకోకండి, మందుల మత్తులో ఉన్నాను.

మా ఆయన పక్కగదిలో సూట్‌కేసు విప్పుతున్నారు. "ఈ గొడుగు ఎవరిదే?" అని అడుగుతున్నారు.