ఆ బొమ్మ 1984 నాటిది కాదు

సంపాదకులకు,

నమస్కారం. పాత కంప్యూటర్ ఆటల గురించి మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వ్యాసంతో పాటు 'కింగ్స్ క్వెస్ట్' అనే ఆటలోని కోట దృశ్యం ఒకటి అచ్చువేసి, దాని కింద 1984 అని రాశారు. ఆ బొమ్మ 1984 నాటిది కాదు. ఆటను తయారుచేసిన సియెర్రా సంస్థ గీయించినదీ కాదు. ఆ ఆట మీద మక్కువ కొద్దీ కొందరు అభిమానులు తమ తీరిక వేళల్లో దానిని మళ్లీ తయారుచేసి, 2001లో ఉచితంగా అందరికీ పంచిన రూపంలోనిది. అదే వ్యాసం చివర, అభిమానుల రీమేకులన్నీ ఇంచుమించు చౌర్యం కిందికే వస్తాయన్న అర్థంలో ఒక మాట ఉంది. ఎవరి పనిని చౌర్యమన్నారో వారి పనినే అసలుదని నమ్మి, వారి పేరైనా వేయకుండా మీరు అచ్చువేశారు. ఈ ఉత్తరం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది అదే.

పొరపాటును పట్టుకోవడం కష్టమేమీ కాలేదు. 1984 నాటి ఆటలో తెర మీద కనిపించే రంగులు మొత్తం 16. దృశ్యాన్ని అడ్డంగా 160 చుక్కలతోనే గీసేవారు కాబట్టి ఒక్కొక్క చుక్కా పక్కలకు సాగదీసినట్టు, చిన్న ఇటుకలా కనిపిస్తుంది. ఆకాశమంతా ఒకే నీలం, గడ్డంతా ఒకే పచ్చ. 1990లో సియెర్రా తానే ఆ ఆటను ఇంకా నాణ్యమైన గీతతో మరోసారి విడుదల చేసింది గాని, అప్పుడూ రంగులు 16 మాత్రమే. మీరు వేసిన బొమ్మలోనేమో కోట గోడ మీద నీడ మెల్లమెల్లగా ముదురుతూ పోతుంది, అగడ్త నీటిలో ఒకే రంగుకు పదిరకాల ఛాయలు కనిపిస్తాయి. అది 256 రంగులున్నప్పుడే సాధ్యమయ్యే పని. ఈ ఆటను సియెర్రా 256 రంగుల్లో ఎన్నడూ తేలేదు. ఆ కొరతను తీర్చినవారు అభిమానులే. అప్పట్లో వారు టియెర్రా అని పేరు పెట్టుకున్నారు. తర్వాత ఏజీడీ ఇంటరాక్టివ్ అని మార్చుకున్నారు.

వ్యాసకర్త ఈ ఆటను పాయింట్ అండ్ క్లిక్ ఆటల కోవలో, అంటే మౌస్‌తో చూపి నొక్కి ఆడేవాటిలో చేర్చారు. అందులోనూ ఒక చిక్కుంది. రొబర్టా విలియమ్స్ రూపొందించిన అసలు ఆటలో క్లిక్ చేయడమన్నదే లేదు. గ్రాహం అనే వీరుడిని బాణం మీటలతో నడిపించి, వాడు చేయవలసిన పనిని ఇంగ్లిష్ మాటల్లో టైప్ చేయాలి. కోటకు కాస్త దూరంలో ఒక బండ ఉంటుంది. దాని దగ్గరికి వెళ్లి, బండను తోయమని టైప్ చేస్తే అది కదులుతుంది, కింద గుంట, గుంటలో ఒక బాకు కనిపిస్తాయి. అయితే పల్లం వైపు నిలబడి ఆ మాట టైప్ చేశారో, బండ దొర్లివచ్చి వీరుడి మీదే పడుతుంది, ఆట అక్కడితో సరి. బండను తోయవచ్చునన్న ఊహ ఆడేవారికే కలగాలి. ఏ వైపు నిలబడాలన్నదీ వారే ఆలోచించుకోవాలి. అభిమానులు చేసిన, మౌస్‌తో ఆడే రూపంలో తెర పైభాగాన నడిచే గుర్తు, చూసే కన్ను, తాకే చేయి వరుసగా ఉంటాయి. చేతిని తీసుకువెళ్లి బండ మీద పెడితే చాలు. ఆట సులువైంది నిజమే. కానీ మాట కోసం వెతుక్కునే శ్రమ పోయి, తెరంతా మౌస్‌తో తడిమే అలవాటు వచ్చింది. మొదట రీమేక్ ఆడి, తర్వాత అసలు ఆటకు వెళ్లినవాడిని నేను. ఆ బండ దగ్గర ఏ క్రియాపదం రాయాలో తోచక చాలాసేపు కూర్చున్నాను. చిరాకు వేసిన మాట నిజమే గాని, ఆ బండ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. రీమేక్‌లో ఏ బండను ఎప్పుడు కదిపానో గుర్తు లేదు.

అసలు ఆటలో లోపాలు లేవని నేననడం లేదు. ఒక మరుగుజ్జు తన పేరేమిటో చెప్పమంటాడు. ఐరోపా జానపద కథల్లోని రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ అతనేనని పోల్చుకున్నా చాలదు. ఇంగ్లిష్ అక్షరమాలను తలకిందులు చేసి, 'ఏ' బదులు 'జెడ్', 'బీ' బదులు 'వై' చొప్పున ఆ పదిహేను అక్షరాలనూ మార్చి రాయాలి. వెనక నుంచి ఆలోచించడం మంచిదన్న చీటీ ఒకటి మంత్రగత్తె ఇంట్లో దొరుకుతుంది గాని, దాన్ని బట్టి ఇంత దూరం ఊహించగలవారు ఎందరు? సియెర్రాకే ఇది అతి అనిపించినట్టుంది. 1990 నాటి రూపంలో పేరును చివరి నుంచి మొదటికి రాస్తే చాలునని సడలించింది. సొంత సృష్టిని కంపెనీయే దిద్దుకున్నప్పుడు, ఆ దిద్దుబాటునే ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్లినవారిని దొంగలనడం ఏమంత సబబు?

అభిమానుల రీమేకులన్నీ ఒకే కోవకు చెందినవి కావు. వ్యాసం వాటన్నిటినీ ఒకే గాటన కట్టింది. కింగ్స్ క్వెస్ట్ వరుసలోని మొదటి ఆటను మళ్లీ చేసేటప్పుడు ఏజీడీ వారు కథను, చిక్కుముడులను చాలావరకు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, బొమ్మలు కొత్తగా గీసి, గొంతులు చేర్చారు. గ్రాహంకు గొంతు ఇచ్చింది జాష్ మాండెల్. సియెర్రా అయిదో ఆటలో అదే పాత్రకు గొంతు ఇచ్చినవారు కూడా ఆయనే. 1985 నాటి రెండో ఆట దగ్గరికి వచ్చేసరికి, 2002లో వారు చేసినది రీమేక్ అనిపించుకోదు. మూడు తాళంచెవులు వెతికి ఒక యువతిని విడిపించే చిన్న కథను తీసుకుని, పాత్రలకు కొత్త గతాలు, కొత్త కక్షలు కల్పించి పెద్దదిగా పెంచారు. చాలామందికి అది మొదటిదానికన్నా ఎక్కువగా నచ్చింది. నాకు మాత్రం కథ బరువెక్కిందనిపించింది. సియెర్రాదే మరో ఆటల వరుస అయిన 'క్వెస్ట్ ఫర్ గ్లోరీ'లో, 1990లో వచ్చిన రెండో భాగం సంగతి మరొకటి. ఆ వరుసలోని మొదటి భాగాన్ని సియెర్రా 1992లో 256 రంగుల్లోకి, మౌస్‌లోకి మార్చింది. మూడో భాగం పుట్టుకతోనే అలా వచ్చింది. నడుమనున్నది ఒక్కటే పాత పద్ధతిలో మిగిలిపోయింది. 2008లో ఏజీడీ వారు ఆ ఖాళీని పూరిస్తూ, ఎదుటివారితో సంభాషించేటప్పుడు కావాలనుకున్నవారు ఇదివరకటిలాగే ప్రశ్నలు టైప్ చేసుకునే వీలు ఉంచారు. పాతదాని రుచి ఎక్కడుందో తెలిసినవారు చేసిన పని అది.

ఇందులో ఎంత చాకిరీ ఉంటుందో కూడా చెప్పాలి. బ్రిటన్‌కు చెందిన క్రిస్ జోన్స్ 1997 నుంచి ఉచితంగా అందిస్తూ వచ్చిన అడ్వెంచర్ గేమ్ స్టూడియో లాంటి, ఆటలు తయారుచేసే ఉపకరణం ఉన్నా, అది ఇచ్చేది చట్రమే. ఆటగాడి సంచిలో ఇరవై వస్తువులు, దృశ్యాల్లో తాకదగిన చోట్లు ఇరవై ఉన్నాయనుకుంటే, ఏ వస్తువును ఎక్కడ ప్రయోగిస్తే ఏమనాలన్నది నాలుగు వందల సందర్భాల్లో ఆలోచించుకోవాలి. మొదటి ఆట జరిగే దేవెంట్రీ రాజ్యంలో వంతెన మీది భూతాన్ని మేక కుమ్మి తోసేస్తుంది. మేకను అక్కడికి రప్పించడానికి క్యారట్ చూపాలి. ఆ క్యారట్‌ను ఎవరైనా మొసళ్లకో రాజుగారికో చూపిస్తే ఏమని జవాబివ్వాలన్నది కూడా ఎవరో ఒకరు కూర్చుని రాయవలసిందే.

ఇక హక్కుల విషయం. హక్కులు కంపెనీవే, అందులో సందేహం లేదు. పాత కృతి ఆధారంగా కొత్తది చేసే హక్కు కూడా కాపీరైట్‌లో భాగమే. ఉచితంగా పంచినంత మాత్రాన అనుమతి అక్కరలేకుండా పోదు. వ్యాసకర్త చెప్పినంత వరకు అది సరైనదే. ఆయన చెప్పకుండా వదిలేసింది ఏమిటంటే, ఏజీడీ వారు అప్పటి హక్కుదారు వివెండీతో మాట్లాడుకుని, అభిమానులుగా ఈ పని చేసుకునేందుకు అనుమతి పొందారు. అందరికీ వ్యవహారం ఇంత సాఫీగా సాగలేదు. 'ద సిల్వర్ లైనింగ్' అన్నది రీమేక్ కాదు, అదే కథకు అభిమానులు తలపెట్టిన కొనసాగింపు. దానిని ఆపేయమని 2005లో వివెండీ నోటీసు ఇచ్చింది. అభిమానులు పెద్ద ఎత్తున ఉత్తరాలు రాశాక, కింగ్స్ క్వెస్ట్ అన్న పేరు తీసేయాలన్న షరతు మీద ఒప్పుకుంది. అంతలో హక్కులు యాక్టివిజన్ చేతికి వెళ్లాయి. 2010 మొదట్లో ఆ కంపెనీ మళ్లీ ఆపమన్నది, మధ్యలో మనసు మార్చుకుంది, అదే ఏడాది జులైలో మొదటి భాగం విడుదలైంది. ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేసినవారి భవిష్యత్తు, కంపెనీ చేతులు మారినప్పుడల్లా మొదటికి రావడం న్యాయమనిపించుకోదు. 1996లో సియెర్రాను సీయూసీ అనే సంస్థ కొన్నది, ఆ తర్వాత వివెండీ, ఆపై యాక్టివిజన్, 2023లో మైక్రోసాఫ్ట్. అమెరికా చట్టం ప్రకారం సంస్థల పేరిట వెలువడిన ఇలాంటి కృతులకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు రక్షణ ఉంటుంది కాబట్టి, 1984 నాటి ఆట 2079 చివరి దాకా ఎవరో ఒకరి ఆస్తిగానే ఉంటుంది. ఈలోగా హక్కుదారులు చేయగలిగినది ఒకటుంది. డబ్బు తీసుకోకుండా చేసే రీమేకులకు ఏది సమ్మతం, ఏది కాదు అన్నది ముందే రాసిపెట్టి, పని మొదలుపెట్టిన రోజునే అవునో కాదో చెప్పాలి. కాదని చెప్పినా నష్టం లేదు. మొదటి నెలలో విన్న 'కాదు' వేరు, ఎనిమిదేళ్ల తర్వాత విన్న 'కాదు' వేరు.

అభిమానులకు సంబంధించిన బాధ్యత కూడా ఒకటుంది, దాన్ని దాటవేయలేను. రీమేక్ ఎంత అందంగా వస్తే అసలుది అంతగా మరుగున పడుతుంది. 1986 నాటి మూడో ఆటలో, మాంత్రికుడి ఇంట బానిసగా ఉన్న కుర్రవాడు మంత్రాలు వేయాలంటే, ఆటతో పాటు వచ్చిన పుస్తకంలోని పంక్తులను అక్షరం పొల్లుపోకుండా టైప్ చేయాలి. ఒక చోట తప్పితే మంత్రం బెడిసికొడుతుంది. దొంగ కాపీలను అరికట్టే ఉపాయమూ, కథలోని భయమూ అక్కడ ఒకటే అయ్యాయి. ఈ ఆటను రెండు వేర్వేరు బృందాలు, 2006లో ఒకటి, 2011లో ఒకటి మళ్లీ చేశాయి. రెండూ ఆడదగినవే. అయినా, పుస్తకం ఒళ్లో పెట్టుకుని వణుకుతూ టైప్ చేయడమంటే ఏమిటో వాటిలో తెలియదు. స్కమ్‌వీఎం లాంటి ఉచిత ప్రోగ్రాముల సాయంతో ఆ పాత ఆటలను నేటి యంత్రాల మీదా ఆడుకోవచ్చు గనుక, రీమేక్ చేసినవారు తమ ఆట మొదట్లోనే ఆ మాట చెబితే బాగుంటుంది.

మీరు సవరణ ప్రచురించే పక్షంలో, కోట దృశ్యాన్నే రెండు రూపాల్లో పక్కపక్కన వేయవలసిందిగా నా విన్నపం. ఇటుకల్లాంటి చుక్కలున్న దాని కింద 1984, సియెర్రా అనీ, మీరు ఇప్పటికే అచ్చువేసిన దాని కింద 2001, టియెర్రా అనీ ఉంటే చాలు.

భవదీయుడు,
ఒక పాఠకుడు